శ్రుతికి కణాల సాక్ష్యం కావాలా?



గడచిన మహాశివరాత్రి నాడు మా ఆలయ ప్రాంగణంలో ఉపన్యసిస్తూ, "నేటి భౌతికశాస్త్రజ్ఞులు సూపర్‌సిమ్మెట్రీ అంటున్నది మన అర్ధనారీశ్వర తత్త్వమే" అన్నాను. మిరపకోతల నుండి నేరుగా వచ్చి కూర్చున్న రైతులు సైతం చప్పట్లు కొట్టారు. సభ ముగిశాక, మా ఊరి పత్తిరైతు కుమారుడు, భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నవాడు, ప్రసాదం అందుకుంటూ అడిగాడు: "పంతులుగారూ, ఆ సిద్ధాంతం చెప్పిన జంటకణాలు ఇంతవరకు ఒక్కటీ దొరకలేదండీ. రేపు అది తప్పని తేలితే అర్ధనారీశ్వరుడు కూడా తప్పేనా?"

నేను సమాధానం చెప్పలేకపోయాను. తరువాత ఆ కుర్రవాడి వద్దనే కూర్చొని కొంత నేర్చుకున్నాను. దానిని ఆస్తిక మహాశయులకు విన్నవిస్తున్నాను.

ప్రకృతిలో నాలుగు మౌలిక బలాలున్నాయని భౌతికశాస్త్రం చెబుతుంది: గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, పరమాణు కేంద్రకాన్ని బంధించి ఉంచే ప్రబల బలం, కొన్ని రేడియోధార్మిక పరిణామాలకు హేతువైన దుర్బల బలం. విద్యుత్తు, అయస్కాంతత్వం ఒకే తత్త్వానికి రెండు ముఖాలని పందొమ్మిదవ శతాబ్దంలో మాక్స్‌వెల్ చూపాడు. విద్యుదయస్కాంత, దుర్బల బలాలను ఏకసూత్రంలో కూర్చినందుకు గ్లాషో, సలాం, వైన్‌బర్గ్‌లకు 1979లో నోబెల్ బహుమతి లభించింది. ప్రబల బలాన్ని కూడా ఆ సూత్రంలోకి తెచ్చే మార్గాన్ని 1970ల ఆరంభంలోనే అన్వేషించినవారిలో సలాంతోపాటు ఒడిశాలోని బారిపదలో జన్మించిన జోగేశ్ పతి ఉన్నారు.

సూపర్‌సిమ్మెట్రీ ఈ అన్వేషణకే తోడ్పడిన భావన. పదార్థాన్ని నిర్మించే కణాలకు, బలాన్ని వహించే కణాలకు నడుమ ఒక సౌష్ఠవం ఉన్నదనీ, ప్రతి కణానికీ రెండవ వర్గంలో ఒక జంట ఉండాలనీ అది ప్రతిపాదిస్తుంది. అదే నిజమైతే గురుత్వం మినహా మిగిలిన మూడు బలాల తీవ్రతలు అత్యున్నత శక్తివద్ద దాదాపు ఒకే బిందువులో కలుస్తాయని గణితం చూపుతుంది. ఎంత సుందరమైన ఊహ! నేను మోహపడినది ఆ సౌందర్యానికే.

అయితే ఆ శాస్త్రజ్ఞులు సౌందర్యాన్ని ప్రమాణంగా స్వీకరించలేదు. మహా ఏకీకరణ సిద్ధాంతాలు నిజమైతే ప్రోటాన్ సైతం ఏనాటికో క్షయించాలి. ఆ క్షయాన్ని వెదకిన తొలి ప్రయోగశాలల్లో ఒకటి మన పొరుగునే, తెలుగు మాట వినిపించే కోలారు బంగారు గనులలో వెలసింది. 1980లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు జపాన్ పరిశోధకులతో కలిసి భూమికి సుమారు 2,300 మీటర్ల లోతున 140 టన్నుల పరికరాన్ని నెలకొల్పారు. ఆకాశం నుండి కురిసే విశ్వకిరణాలను అంత మందమైన రాతిపొర అడ్డుకుంటుంది గనుక ఆ పాతాళవాసం. ప్రోటాన్ క్షయం కావచ్చుననిపించే కొన్ని ఘటనలను వారు ప్రకటించారు. కానీ మరింత పెద్ద పరికరాలు వాటిని ధ్రువీకరించలేదు. జపాన్‌లోని సూపర్ కామియోకాండేలోనూ నేటివరకు ఆ క్షయం కనబడలేదు. జెనీవా సమీపంలోని సెర్న్‌లో 27 కిలోమీటర్ల వలయంలో 2012లో హిగ్స్ కణం దొరికింది; సూపర్‌సిమ్మెట్రీ జంటలు మాత్రం దొరకలేదు.

దశాబ్దాలు శ్రమించి, చివరకు "కనబడలేదు" అని వ్రాయడానికి ఎంత సత్యనిష్ఠ కావాలి! వేదపాఠశాలలో ఒక్క స్వరం తప్పినా మా గురువుగారు పనస మొదటి నుండి మళ్ళీ చెప్పించేవారు. క్రమ, జట, ఘన పాఠాలు పుట్టినది అక్షరం చెడకుండా కాపాడుకోవడానికే. ఆ నియమంలో పెరిగిన నేను, పరుల శాస్త్రం విషయంలో మాత్రం విన్న మాటను పరీక్షించకుండా వేదిక మీద పలికాను. అది దోషం.

శంకర భగవత్పాదులు గీతాభాష్యంలో ఈ విషయం తేల్చారు. అగ్ని శీతలమని శ్రుతివాక్యాలు నూరు చెప్పినా ప్రత్యక్షానికి విరుద్ధమైన ఆ అర్థంలో వాటికి ప్రామాణ్యం లేదని వారి నిర్ణయం. కంటికి రూపం, చెవికి శబ్దం ఎలాగో, ప్రతి ప్రమాణానికీ దాని విషయం దానికున్నది. ప్రత్యక్షానుమానాలకు అందనిదాన్ని తెలపడమే శ్రుతి పని. కణాల లెక్క చెప్పడానికి శ్రుతి అక్కరలేదు. ఆత్మను తెలపడానికి కణాలు చాలవు.

"మరి సెర్న్‌లో నటరాజమూర్తి ఉన్నదే!" అని కొందరు అడుగుతారు. ఉన్నది, 2004లో భారత ప్రభుత్వం బహూకరించినది. అది స్నేహచిహ్నం, రమణీయమైన ఉపమానం. ప్రయోగఫలితం కాదు. మా నల్లరేగడి ఒక్కటే తెల్లని పత్తినీ, ఎర్రని మిరపనూ పండిస్తుంది. ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన మట్టిముద్ద దృష్టాంతాన్ని మా రైతులకు నేను ఈ పొలంతోనే బోధిస్తాను. దృష్టాంతం బుద్ధిని తత్త్వం వైపు మళ్ళిస్తుందే గాని తత్త్వాన్ని నిరూపించదు.

రేపు నాలుగు బలాలూ ఒక్కటేనని తేలిందనుకుందాం. ఆ ఒక్కటీ తెలియబడేదే, అంటే దృశ్యమే. దానిని తెలుసుకొనే దృక్కు ఎవరన్న ప్రశ్న అప్పటికీ మిగులుతుంది. వేదాంతం మొదలయ్యేది అక్కడ.

పశ్చిమ గోదావరి ప్రాంతపు గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానంద యోగి. ప్రాగ్‌లో భౌతికశాస్త్రం అభ్యసించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక పరిశోధనకు పునాది వేశారు. ధ్యానానికీ ప్రయోగశాలకూ ఒకే జీవితంలో చోటున్నదని వారు చూపారు. ఒకదాని సాక్ష్యంతో రెండవదానిని గెలిపించవలసిన అవసరం మనకేమున్నది?

రాబోయే కార్తికమాసంలో అదే వేదిక నుండి ఆ మాటను ఉపసంహరించుకుంటాను. ఆ కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, కోలారు గని కథను అతని నోటనే చెప్పిస్తాను. అర్ధనారీశ్వరునికి యథావిధిగా అభిషేకం జరుగుతుంది.

శుభం భూయాత్.