కథ కోసం నిజమా, నిజం కోసం కథా?

వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అన్న తగవు మనకు కొత్తది కాదు. కవిత్వంలోనూ కథానికలోనూ అది ఎన్నోసార్లు నడిచింది. ఇప్పుడది పత్రికారచనలోకి కూడా ప్రవేశించింది. నెలల తరబడి తిరిగి, ఎందరితోనో మాట్లాడి సేకరించిన విషయాన్ని వేల మాటలలో, పాత్రలతో, సన్నివేశాలతో, కథలాగా చెప్పే దీర్ఘ వార్తాకథనానికి నేడు గౌరవం పెరిగింది. సంతోషించవలసిందే. కాని ఆ విద్యను నేర్పేవారు మన విద్యార్థుల చేతిలో పెడుతున్న సూత్రాలు చూడండి: ఒక మనిషిని ఎన్నుకో, అతని వెంట తిరుగు, కళ్లకు కట్టే దృశ్యంతో మొదలుపెట్టు, అంకెలను మధ్యలో ఎక్కడో ఇరికించు, చివర పాఠకుని గుండె బరువెక్కించి విడిచిపెట్టు. వస్తువు ఏదైనా అచ్చు మాత్రం ఇదే.

ఈ అచ్చు అమాయకమైన పనిముట్టు కాదని నా వాదం. ఏది ముందు చెప్పాలి, ఎవరిచేత మాట్లాడించాలి, ఎక్కడ ఆపాలి అనే ప్రశ్నలను అలంకారశాస్త్రానికి వదిలిపెట్టలేము. జరిగిన అన్యాయానికి బాధ్యుడెవరో పాఠకునికి కనబడుతుందా లేదా అన్నది ఆ ఎంపికలలోనే తేలిపోతుంది. సాక్ష్యాన్ని బట్టి నిర్మాణం పుట్టాలి గాని, నిర్మాణానికి సరిపోయేటట్లు సాక్ష్యాన్ని కత్తిరించరాదు.

ఈ శిల్పానికి ఆదిగురువుగా చాలామంది చెప్పుకొనేది అమెరికన్ రచయిత ట్రూమన్ కపోటీని. 1959 నవంబరులో కాన్సస్ రాష్ట్రంలోని హోల్కంబ్ అనే పల్లెలో ఒక రైతు కుటుంబానికి చెందిన నలుగురు హత్యకు గురయ్యారు. కపోటీ అక్కడికి వెళ్లి, ఊరివారితోనూ, పోలీసులతోనూ, తరువాత హంతకులిద్దరితోనూ సంవత్సరాల తరబడి మాట్లాడి ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ రాశాడు. అది 1965లో ‘న్యూయార్కర్’ పత్రికలో నాలుగు భాగాలుగా, 1966లో పుస్తకంగా వెలువడింది. దానిని ‘కల్పన లేని నవల’ అన్నాడు. అందులో ప్రతి మాటా నిజమన్నాడు. మనుషులతో మాట్లాడేటప్పుడు కాగితంగాని టేపు రికార్డరుగాని వాడలేదనీ, తన జ్ఞాపకశక్తే చాలుననీ గొప్పగా చెప్పుకున్నాడు.

శ్రమ నిజమైనదే. పరిశీలనా అసామాన్యమైనదే. కాని పుస్తకం చివర శ్మశానంలో ఒక దృశ్యం ఉన్నది. కేసును ఛేదించిన డిటెక్టివూ, హతురాలైన బాలిక స్నేహితురాలూ అక్కడ కలుసుకుంటారు. జీవితం మళ్లీ ముందుకు సాగుతున్నదన్న భావం పాఠకునిలో కలుగుతుంది. ఆ కలయిక జరగనే లేదు. కపోటీ జీవితచరిత్ర రాసిన జెరాల్డ్ క్లార్కే ఈ సంగతిని గ్రంథస్థం చేశాడు. ఎందుకీ కల్పన? హంతకులను 1965 ఏప్రిల్ 14న ఉరితీశారు. ఉరికంబం దగ్గర ఆపితే కథ కటువుగా ముగుస్తుంది. రచయితకు మెత్తని ముగింపు కావాలి. లోకంలో అది దొరకలేదు కాబట్టి సృష్టించుకున్నాడు. నవలాకారుడు ఇదే పని చేస్తే తప్పుపట్టేవారెవరూ లేరు. ప్రతి మాటా నిజమని ప్రమాణం చేసినవాడు చేస్తే దానికి శిల్పమని పేరు పెట్టడం మన బలహీనత.

ఇంతకన్న ఎంతో నిజాయితీగల రచనను తీసుకుందాం. జాన్ హెర్సీ రాసిన ‘హిరోషిమా’ కోసం ‘న్యూయార్కర్’ 1946 ఆగస్టు 31 నాటి సంచికను మొత్తంగా కేటాయించింది. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కు బాంబు పేలిన క్షణాన ఆరుగురు మనుషులు ఎక్కడెక్కడ ఏమి చేస్తున్నారో చెప్పి, అక్కడి నుంచి ఒక్కొక్కరి అనుభవాన్నీ మార్చి మార్చి చెప్పుకుపోతాడు హెర్సీ. ఆవేశం లేదు, ఆక్రోశం లేదు. నిన్నటిదాకా శత్రువులుగా మాత్రమే తెలిసినవారిని అమెరికన్ పాఠకుడు మొదటిసారి మనుషులుగా చూశాడు. ఆ ఘనత సామాన్యమైనది కాదు.

అయినా అదే సంవత్సరం మేరీ మెకార్థీ ఆ రచనపై ఒక పదునైన విమర్శ చేసింది. ఈ పద్ధతిలో అణుబాంబు ఒక భూకంపంలాగా, ప్రకృతి విపత్తులాగా కనబడుతున్నదన్నది ఆమె అభ్యంతరం. ఆ మాటలో పస ఉన్నది. బతికి బయటపడినవారి కళ్లతోనే చూస్తానని రచయిత నియమం పెట్టుకున్నాక, బాంబు వేయమని ఆజ్ఞాపించినవాడు కథలోకి ఎలా వస్తాడు? హెర్సీ ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. ఎంత మంచి ఉద్దేశమైనా, ఎన్నుకొన్న నిర్మాణం తన పని తాను చేసుకుపోతుందని చెప్పడానికే ఈ ఉదాహరణ.

మరి వేరే దారి ఉన్నదా? అర్జెంటీనా రచయిత రొడోల్ఫో వాల్ష్ ఆ దారి చూపాడు. ఆ దేశంలో 1956 జూన్ 9 రాత్రి సైనిక ప్రభుత్వం మీద ఒక తిరుగుబాటు జరిగింది. ఆ రాత్రే బ్యూనస్ ఐరిస్ శివారులో ఒక ఇంటి మీద పోలీసులు దాడిచేసి కొందరిని పట్టుకున్నారు. వారిలో పలువురు రేడియోలో బాక్సింగ్ పోటీ వినడానికి చేరినవారు. తెల్లవారుజామున పన్నెండు మందిని చెత్తకుప్పలు పోసే బయలుకు తీసుకువెళ్లి కాల్చారు. అయిదుగురు చనిపోయారు, ఏడుగురు బతికారు. అప్పటికి వాల్ష్ అపరాధ పరిశోధక కథలు రాసుకొనే మనిషి. రాజకీయాలలో ఆ బాధితుల పక్షం వాడు కూడా కాదు. కాల్పులకు గురైనవారిలో ఒకడు బతికే ఉన్నాడని కొన్ని నెలల తరువాత ఒక కాఫీ హోటల్లో విన్నాడు. వెతుక్కుంటూ వెళ్లాడు. మారుపేరుతో తిరుగుతూ, ఎన్రికేటా మునీజ్ అనే పాత్రికేయురాలి సహాయంతో, ఒక్కొక్క బాధితుని ఆచూకీ తీశాడు. పెద్ద పత్రికలు ముట్టుకోకపోతే చిన్న పత్రికలలో అచ్చువేయించాడు. 1957లో అది ‘ఆపరేసియోన్ మసాక్రే’ అనే గ్రంథమయింది.

దాని నిర్మాణం గమనించండి. మూడు భాగాలు: మనుషులు, సంఘటనలు, సాక్ష్యం. మొదటి భాగంలో పొరుగువారు, పిల్లల తండ్రులు, రోజుకూలీతో బతికేవారు మనకు పరిచయమవుతారు. రెండవదానిలో ఆ రాత్రి నడుస్తుంది. ఉత్కంఠలో ఏ డిటెక్టివ్ నవలకూ తీసిపోదు. కపోటీ అయితే అక్కడ ముగించేవాడు. వాల్ష్ ముగించలేదు. మూడవ భాగంలో న్యాయవాదిలాగా నిలబడ్డాడు. సైనిక శాసనం రేడియోలో ప్రకటితమైన వేళ రాత్రి 12.32. రేడియో కేంద్రం రిజిస్టరే అందుకు సాక్ష్యం. ఆ మనుషులను పట్టుకున్నది అర్ధరాత్రికి ముందు; రాత్రి 11 గంటలకు తానే పట్టుకున్నానని పోలీసు అధిపతే చెప్పుకున్నాడు. అనగా, అరెస్టునాటికి లేని శాసనం పేరుతో వారిని చంపారు. అది హత్య. మొదటి రెండు భాగాలలోని కథనమంతా పాఠకుణ్ణి ఈ రెండు గడియారపు వేళల దగ్గరికి తీసుకురావడానికే. ఇక్కడ కథ సాక్ష్యానికి సేవచేస్తున్నది.

రాజ్యం ఎవరినీ శిక్షించలేదు. వాల్ష్ మాత్రం ఆ పుస్తకాన్ని 1964, 1969, 1972 ముద్రణలలో దిద్దుతూనే పోయాడు. 1977 మార్చిలో మరొక సైనిక ప్రభుత్వం నేరాలను లెక్కలతో సహా బహిరంగ లేఖగా రాసి పంపాడు. మార్చి 25న సైనికులు అతన్ని కాల్చి, శవాన్ని కూడా మాయం చేశారు. సన్నివేశాలకు భయపడని పాలకులు సాక్ష్యాధారాలకు ఎంతగా భయపడతారో ఇందులో ఉన్నది.

ఇదంతా పరదేశపు సంగతి అనుకోనక్కరలేదు. మన రాష్ట్రాలలో రైతు ఆత్మహత్య మీద వచ్చే కథనాలను వరుసగా పెట్టి చదవండి. గుమ్మంలో భార్య, గోడమీద దండవేసిన ఫోటో, మూలన పురుగుమందు డబ్బా, చివర పిల్లవాని చూపు. కన్నీరు వస్తుంది. కాని ఆ రైతుది సొంత భూమా, కౌలా? కౌలెంత? అప్పు బ్యాంకుదా, పురుగుమందుల దుకాణందారుదా? వడ్డీ ఎంత? ఈ ప్రశ్నలకు జవాబుండదు. తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబంధు సాయం పట్టాదారుకు అందింది. ఆ భూమిని దున్నిన కౌలుదారుకు అందలేదు. ఈ ఒక్క సంగతి ఆ ఇంటి కథలో చేర్చండి. విధి ఆడిన నాటకంలాగా కనబడిన చావు వెంటనే విధానం చేసిన చావుగా కనబడుతుంది. దీనిని రాయకుండా కన్నీటిని మాత్రమే రాసినవాడు శిల్పి కావచ్చు. ఏడిపించి పంపేశాడు, అంతే.

పాలగుమ్మి సాయినాథ్ ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’ 1996లో వచ్చింది. 1993 నుంచి అయిదు రాష్ట్రాలలోని అత్యంత పేద జిల్లాలలో ఆయన తిరిగాడు, చాలా దూరం కాలినడకన. పంట పనులు లేని నెలలను ఏరికోరి ఎన్నుకున్నాడు; పేదలు ఆ రోజులు ఎలా గడుపుతారన్నది ఆయన ప్రశ్న. పలామూ ప్రాంతంలో కరువు సహాయాన్ని జనం మూడవ పంట అంటారని రాశాడు. ఆ పంటను కోసుకొనేది రైతులు కారు, కాంట్రాక్టర్లు. చిన్న చిన్న నివేదికలే అవి. పాత్రలూ ఉన్నాయి, హాస్యమూ ఉన్నది. కాని ప్రతి మనిషి వెనుకా ఒక ప్రభుత్వ పథకమో, ఒక వ్యాపారి లెక్కో నిలబడి ఉంటుంది. పేదరికం ఒకనాటి సంఘటన కాదనీ, నిత్యం నడిచే ప్రక్రియ అనీ ఆయన నమ్మకం. నమ్మకానికి తగిన రూపం ఆయనకు దొరికింది.

ఇక నాపై రాగల ఆక్షేపణ: ‘అయితే శిల్పం అక్కరలేదా? మన కరపత్రాలలాగా రాయమంటారా?’ అలా అనడం లేదు. మన పక్షపు పత్రికలలో కూడా రోగం ఉన్నది. వాళ్లు కన్నీటితో సరిపెట్టుకుంటే మనం నినాదంతో సరిపెట్టుకుంటున్నాం. ‘దోపిడీ’ అని పదిసార్లు రాస్తాం. అప్పుపత్రం ఒక్కసారి చూసి రాయం. నినాదం కూడా విలేఖరి నడవవలసిన దూరాన్ని తప్పించుకొనే మార్గమే. వాల్ష్ రేడియో రిజిస్టరు దాకా వెళ్లాడు. మనం తహసీల్దారు కచేరీ దాకానైనా వెళ్తున్నామా?

కాబట్టి విద్యార్థి మిత్రులకు, ఈ రచన నేర్పే ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఇది. ఒక వార్తాకథనం మీ ముందుకు వచ్చినప్పుడు భాష బాగున్నదని మెచ్చుకొనే ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఇందులో లాభపడినవాని పేరు ఉన్నదా? ఈ మాట రచయితకు ఎలా తెలిసిందో చెప్పాడా? ఈ ముగింపు లోకంలో జరిగిందా, రచయితకు కావలసి వచ్చిందా? ఈ మూడింటికీ నిలిచిన రచనను శిల్పం కోసం మళ్లీ చదవండి. నిలవనిదానిని తరగతిలో మేలుబంతిగా పెట్టకండి. చనిపోయిన కౌలురైతుకు మన ప్రశంసాపత్రంతో పనిలేదు. అతని అప్పు ఎవరికి లాభమయిందో, ఎంత లాభమయిందో అచ్చులోకి రావాలి. అది రాయడానికి ఎంత శిల్పం అవసరమైతే అంతా నేర్చుకుందాం.