రంపం చిన్నదే, గాయం చిన్నది కాదు

చెట్టుకొమ్మ కొట్టాలంటే ఏం కావాలి? పదునైన కత్తి, బరువైన గొడ్డలి, వాటికి తగిన కండబలం. మన తాతల నాటి నుంచీ ఇదే లెక్క. ఇప్పుడు ఒక చేతిలో ఇమిడే బ్యాటరీ రంపాలు వచ్చాయి. మీట నొక్కితే మణికట్టంత లావు కొమ్మ క్షణాలలో తెగిపడుతుంది. పొడవాటి పిడుల కొమ్మల కత్తెరకు కూడా మోటారు అమర్చి అమ్ముతున్నారు. ఇవి మన ఊళ్లకు రావడం మంచిదేనా? మంచిదే. కాని వాటి వెంట ఒక విద్య కూడా రావాలి. అది రాకపోతే మేలుకన్న కీడే ఎక్కువని నా అభిప్రాయం.

శ్రీకాకుళం తీరానికి ఈ మాట మరీ వర్తిస్తుంది. భావనపాడుకు ఉత్తరాన ఇచ్ఛాపురం దాకా వ్యాపించిన ఉద్దానమంతా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి లక్షల చెట్లు కూలాయి. దారులకు అడ్డం పడ్డవాటిని తొలగించడానికి యంత్రపు రంపాలే దిక్కయ్యాయి. పడిపోయిన చెట్టును ఎక్కడ కోసినా ఒకటే. నిలిచి ఉన్న చెట్టు సంగతి అలా కాదు. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. అటువంటి చోట ఒక్క చెట్టు చెడినా ఒక కుటుంబానికి ఏళ్ల తరబడి నష్టం.

ముందుగా ఈ రంపం బలమెంతో లెక్కకడదాం. బ్యాటరీ 18 వోల్టులు, 2 ఆంపియర్-గంటలు అనుకోండి. రెండింటినీ గుణిస్తే 36 వాట్-గంటలు. కష్టజీవి నిలకడగా చేయగల పని సుమారు 75 వాట్లు. అంటే మనిషి అరగంట శ్రమ ఆ చిన్న పెట్టెలో ఉన్నదన్నమాట! ఇంత శక్తిని అంత తక్కువ బరువులో నింపగలిగింది లిథియం అయాన్ బ్యాటరీ. దాన్ని రూపొందించినందుకే గుడెనఫ్, విట్టింగ్‌హాం, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక గొలుసు పళ్ల కథ వినండి. 1946లో అమెరికాలోని ఆరిగాన్ అడవిలో జోసెఫ్ కాక్స్ అనే కలప పనివాడు ఒక మొద్దును తొలుస్తున్న పురుగును గమనించాడు. అది దవడలను కుడికీ ఎడమకీ ఆడిస్తూ గట్టి కర్రను సునాయాసంగా తినేస్తోంది. ఆ దవడల పోలికతోనే అతడు రంపపు గొలుసుకు కొత్త పళ్లు తయారుచేశాడు. ఆ పురుగుకు మన ఉద్దానంలోనూ బంధువు ఉంది. జీడిమామిడి మొదలును తొలిచి చెట్టును చంపే పురుగుదీ అదే పొడుగు మీసాల పెంకుపురుగుల కుటుంబం!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన చర్మానికి గాయమైతే కొత్త కణాలు పుట్టి ఆ చోటు మానుతుంది. చెట్టుకు ఆ వీలు లేదు. చెడిన కర్ర మళ్లీ బాగుపడదు. చెట్టు ఆ భాగం చుట్టూ గోడ కట్టి, కుళ్లు లోపలికి పాకకుండా ఆపుతుంది. బెరడు కింద ఉన్న కేంబియం అనే పొర కొత్త కర్రను పెంచి, పైనుంచి మూత వేస్తుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల మొద్దులను నిలువునా కోసి చూసి, 1970లలో ఈ సంగతిని వివరించాడు.

కొమ్మ మొదలును పరిశీలించండి. మానును కలిసే చోట ఉంగరంలా కొంచెం ఉబ్బి ఉంటుంది. మూత వేసే కణాలు అక్కడివే. ఆ ఉబ్బును మిగిల్చి, దాని అంచునే కోయాలి. మానుకు సమంగా చెక్కితే గాయం పెద్దదవుతుంది. జానెడు మోడు వదిలితే అది కుళ్లి, పురుగులకు దారి ఇస్తుంది. బరువైన కొమ్మను మూడు కోతలలో తీయాలి. మొదటిది మానుకు అడుగు దూరంలో, కింది నుంచి మూడో వంతు లోతు. రెండవది దానికి కొంచెం అవతల, పై నుంచి. కొమ్మ పడ్డాక మిగిలిన మోడును ఉబ్బు అంచున తీసేది మూడవది. ఇలా చేస్తే బరువుకు బెరడు చీలదు.

కొబ్బరి విషయం వేరు. అది ఏకదళబీజం. దానికి కేంబియం లేదు. మాను మీద పడిన గాటు చెట్టు ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది. పచ్చి మట్టను మొదలంటా కోస్తే ఆ వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. పైగా ప్రతి మట్ట మూలలోనూ ఒక గెల పుడుతుంది. పచ్చి మట్టలు నరికితే కాయలను నరికినట్టే.

కత్తితో కొట్టేవాడికి చెయ్యి నొప్పి పుడుతుంది. కాబట్టి అవసరమైన కొమ్మనే కొడతాడు. రంపానికి నొప్పి లేదు. పది కొమ్మలు తీయవలసిన చోట ముప్పై తీసినా తెలియదు. సులువైన పనికే ఆలోచన ఎక్కువ కావాలి.

మనుషులకూ ప్రమాదముంది. పలక ముక్కు పైభాగం కర్రకు తగిలితే రంపం ఒక్కసారిగా వెనక్కి ఎగదన్నుతుంది. న్యూటన్ మూడవ సూత్రం మీకు తెలిసిందే కదా! అందుకే భుజం ఎత్తు దాటి కోయరాదు. నిచ్చెన మీద నిలబడి కోయరాదు. కరెంటు తీగల దగ్గరికి అసలే పోరాదు. కళ్లద్దాలు పెట్టుకోవాలి. గొలుసును ముట్టుకొనేముందు బ్యాటరీ ఊడదీయాలి. సముద్రపు ఉప్పుగాలికి గొలుసు త్వరగా తుప్పుపడుతుంది కనుక పని కాగానే తుడిచి నూనె పూయాలి. పిల్లలు ఈ రంపాన్ని పట్టనే కూడదు.

యంత్రం వస్తే కొమ్మలు కొట్టే కూలీకి పని పోతుందని కొందరంటారు. ఆ భయం కొట్టివేయదగినది కాదు. అందుకే రంపం ముందుగా ఆ కూలీ చేతికే రావాలి. ఊరంతా కలిసి ఒకటో రెండో కొని, వాటిని నడపడం, ఎక్కడ కోయాలో చూడడం అతడికే నేర్పించాలి. శిక్షణ లేకుండా రంపం మాత్రం పంచితే అది సాయం అనిపించుకోదు.

మరి మీ పని ఏమిటి? రేపు మీ పెరట్లోని జీడిమామిడి కొమ్మ మొదట ఆ ఉబ్బు ఎక్కడుందో వెతకండి. నిరుడు కోసిన చోట మూత ఎంతవరకు పెరిగిందో చూడండి. ఆ తరువాత మీ నాన్నగారికి చూపించండి. రంపం పెద్దల చేతిలో ఉంటుంది. ఎక్కడ ఆపాలో చెప్పగలిగే తెలివి మీ దగ్గర ఉండవచ్చు.