సముద్రపు నాచు దాణా: ఏ నాచు, ఏ పశువుకు?

సముద్రపు నాచు కలిపితే పశువుకు రోగనిరోధక శక్తి పెరుగుతుందని, యాంటీబయాటిక్స్ అవసరం తగ్గుతుందని మీరు వినే ఉంటారు. అందులో కొంత నిజముంది. కానీ అది ఏ నాచుతో, ఏ జంతువులో తేలిందో తెలుసుకోకుండా డబ్బు పెట్టకండి.

ఈ ఆసక్తికి ఒక కారణం యూరప్ పందుల పెంపకం. తల్లిపాలు మాన్పించిన వారాల్లో పంది పిల్లలకు పారుడు పట్టుకుంటుంది. ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో నిషేధించింది. పారుడు ఆపడానికి మందు మోతాదులో వాడే జింక్ ఆక్సైడ్‌నూ 2022 జూన్ నుంచి ఆపేసింది. పేడతో పాటు జింక్ పొలాల్లో పేరుకుపోవడం, మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుందన్న భయం దీనికి కారణాలు. ఇక ప్రత్యామ్నాయం కావాలి కదా!

అక్కడే లామినారిన్, ఫ్యూకోయిడాన్ అనే పదార్థాలు ముందుకొచ్చాయి. రెండూ గోధుమ రంగు నాచుల్లో దొరికే పిండి జాతి పదార్థాలే. పంది సొంత జీర్ణరసాలకు లామినారిన్ అరగదు. అది పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి మేలు చేసే బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అప్పుడు తయారయ్యే ఆమ్లాలు పేగు గోడకు బలాన్నిస్తాయి. ఐర్లాండ్‌లోని యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ పరిశోధకులు దీనిపై ఏళ్ల తరబడి పనిచేశారు. వారి ప్రయోగాల్లో వాడిన మోతాదు టన్ను దాణాకు 300 గ్రాముల లామినారిన్. ఈనబోయే తల్లి పందికి ఈ నాచు సారాన్ని పెడితే పిల్లలకు జున్నుపాల ద్వారా అందే రక్షణ పెరగడం కూడా గమనించారు.

అయితే ఆ 300 గ్రాములు నాచు పొడి కాదు, నాచు నుంచి తీసి శుద్ధి చేసిన సారం. నాచులో లామినారిన్ ఎంతుంటుందన్నది జాతిని బట్టి, కోసిన నెలను బట్టి మారుతుంది. పైగా అవి చల్లటి సముద్రాల నాచులు. మన దేశంలో, ముఖ్యంగా తమిళనాడు రామనాథపురం తీరంలో సాగుచేసే కప్పాఫైకస్ ఎర్ర నాచు. అందులో ఉండేది క్యారజీనన్, లామినారిన్ కాదు. దానికి వేరే ఉపయోగాలు ఉండొచ్చు, కానీ ఐర్లాండ్ ఫలితాలు చూపించి దాన్ని అమ్మితే ఒప్పుకోవద్దు.

గేదె, ఆవుల సంగతి మరీ వేరు. నెమరువేసే పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఈ పదార్థాలను పేగుదాకా పోనివ్వకుండా ముందే చాలావరకు విడగొట్టేస్తాయి. పంది పిల్లలో కనిపించిన మేలు పాడి గేదెలోనూ వస్తుందని లెక్కకట్టలేం. (ఆస్ట్రేలియాలో మీథేన్ తగ్గించడానికి వాడుతున్న ఆస్పరాగాప్సిస్ కథ ఇంకొకటి. అది వాతావరణానికి సంబంధించింది, పశువు ఆరోగ్యానికి కాదు.)

జాగ్రత్త కూడా అవసరం. కొన్ని గోధుమ నాచుల్లో అయోడిన్ చాలా ఎక్కువ. అది పాలలోకీ వస్తుంది. కొన్ని జాతుల్లో ఆర్సెనిక్ పేరుకుంటుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును తెచ్చి నేరుగా మేపడం మంచిది కాదు.

మన దగ్గర అసలు సమస్య మందుల వాడకమే. మనుషులకు ఆఖరి ఆయుధంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను కోళ్లకు, ఆహారం కోసం పెంచే ఇతర పశువులకు వాడకుండా కేంద్రం 2019 జులైలో నిషేధించింది. ప్రత్యామ్నాయాల వెతుకులాట అందుకే మంచిది. కానీ నాచు పొడి టీకాకు, నట్టల మందుకు, మినరల్ మిక్చర్‌కు బదులు కాదు.

సంచి కొనేముందు నాచు జాతి పేరు, అందులో పనిచేసే పదార్థం ఎంత శాతమో, అయోడిన్, ఆర్సెనిక్ పరీక్ష ఫలితం అడగండి. చెప్పలేకపోతే ఆ డబ్బు మినరల్ మిక్చర్‌కు పెట్టండి. లేబుల్ అర్థం కాకపోతే ఫొటో తీసి మీ మండల పశువైద్యుడికి చూపించండి. పశువు ఇప్పటికే పారుకుంటుంటే మాత్రం పొడులతో రోజులు గడపకుండా 1962కు ఫోన్ చేయండి.