బాక్ నియమాన్ని మొదటి రోజే నేర్పాలి

మన పాఠశాలల్లో క్రికెట్ ఆడేవాళ్లతో పోలిస్తే బేస్‌బాల్ ఆడేవాళ్లు తక్కువే. ఆడటం మొదలుపెట్టినవాళ్లకి బంతి విసరడం, కొట్టడం, పరుగెత్తడం త్వరగానే పట్టుబడతాయి. చిక్కంతా ఒక్క చోట వస్తుంది. బంతి ఇంకా పిచర్ చేతిలోనే ఉంటుంది. బ్యాటర్ దాన్ని తాకనే లేదు. అయినా అంపైర్ "బాక్!" అని అరుస్తాడు. బేస్‌ల మీద ఉన్న రన్నర్లందరూ ఒక్కో బేస్ ముందుకు నడిచి వెళ్తారు. మూడో బేస్ మీద ఎవరైనా ఉంటే అవతలి జట్టుకి ఒక పరుగు కూడా వచ్చేస్తుంది. పిచర్ బిక్కమొహం వేస్తాడు. చూసేవాళ్లకి ఏం జరిగిందో అర్థం కాదు.

అందుకే చాలామంది "పిల్లల ఆటలో ఈ నియమం ఎందుకు? పెద్ద టోర్నమెంట్లకి వెళ్లినప్పుడు నేర్చుకుంటారులే" అంటారు. ఈ మాటతో మేము ఏకీభవించం. బంతిని ఎలా పట్టుకోవాలో నేర్పిన రోజే బాక్ అంటే ఏమిటో కూడా నేర్పాలని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

ముందుగా ఆ మాట సంగతి. ఆంగ్లంలో రాసేటప్పుడు ఆ పదం మధ్యలో 'ఎల్' అక్షరం ఉంటుంది కానీ పలికేటప్పుడు వినబడదు. నడుస్తున్న గుర్రం ఉన్నట్టుండి ఆగిపోయి కదలనంటే తెలుగులో మొరాయించింది అంటాం. ఆంగ్లంలో దానికి వాడే మాట ఇదే. బేస్‌బాల్‌లో మొరాయించేది పిచర్. బంతి వేయడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోవడమే అన్నిటికన్నా స్పష్టమైన బాక్.

ఇది తప్పెందుకు అవుతుందో తెలియాలంటే మైదానాన్ని ఒకసారి ఊహించుకోవాలి. పెద్దల ఆటలో ఒక బేస్ నుండి ఇంకో బేస్‌కి 90 అడుగుల దూరం. పిచర్ నిలబడే చోట 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న తెల్లని రబ్బరు పలక ఉంటుంది. అక్కడి నుండి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. పిచర్ ఆ పలకకి పాదం ఆనించే బంతి వేయాలి.

బేస్ చేరిన రన్నర్, బ్యాటర్ బంతిని కొట్టేదాకా ఆగనక్కర్లేదు. బంతి ఆటలో ఉన్నంతసేపూ అతను తర్వాతి బేస్‌కి పరుగెత్తవచ్చు. దీన్ని స్టీల్ అంటారు. అందుకోసం అతను బేస్ వదిలి నాలుగైదు అడుగులు ముందుకు వచ్చి నిలబడతాడు. అది అతని హక్కు. పిచర్ కూడా ఊరుకోడు. బ్యాటర్‌కి వేయాల్సిన బంతిని బేస్ దగ్గరున్న తన జట్టువాడికి విసిరి రన్నర్‌ని అవుట్ చేయవచ్చు. అది పిచర్ హక్కు. రన్నర్ బతకాలంటే పిచర్ శరీరాన్ని చూసి ఒక్క విషయం తేల్చుకోవాలి: బంతి బ్యాటర్ వైపు వెళ్తుందా, నా వైపు వస్తుందా?

ఇప్పుడు బాక్ నియమం లేదనుకుందాం. పిచర్ కాలు ఎత్తుతాడు, బంతి వేయబోతున్నట్టు కదులుతాడు. రన్నర్ నమ్మి పరుగు అందుకుంటాడు. పిచర్ టక్కున ఆగి బంతిని బేస్‌కి విసురుతాడు. రన్నర్ అవుట్. ఇలా రెండుసార్లు జరిగాక ఏ రన్నర్ అయినా బేస్‌కి అతుక్కుపోతాడు. స్టీల్ అనేది ఆటలోంచే మాయమైపోతుంది. వేగం, తెగువ ఉన్న ఆటగాడికి పనే ఉండదు. అందుకే న్యూయార్క్‌లో నికర్‌బాకర్ క్లబ్ 1845లో రాసుకున్న ఇరవై నియమాల్లోనే బాక్ ప్రస్తావన ఉంది. పిచర్ బాక్ చేస్తే రన్నర్ ఒక బేస్ దాటే వరకు అతన్ని అవుట్ చేయకూడదని ఆ నియమం. అంటే ఇది తర్వాతెప్పుడో తగిలించిన తోక కాదు. ఆట రాతలోకి వచ్చిన నాటి నుండే ఉంది.

నేటి నియమంలో బాక్ కిందికి వచ్చే పనులు పదమూడు ఉన్నాయి. మొదట్లో అన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. ముఖ్యమైనవి తెలిస్తే చాలు. పలకకి పాదం ఆనించి బంతి వేసే కదలిక మొదలుపెడితే పూర్తి చేయాలి. పక్కకి తిరిగి నిలబడి వేసేటప్పుడు రెండు చేతులూ కలిపి, పూర్తిగా ఆగి, ఆ తర్వాతే వేయాలి. ఏ బేస్‌కి విసురుతున్నారో ముందు ఆ బేస్ వైపు నేరుగా అడుగు వేయాలి. మొదటి, మూడో బేస్‌లకి విసురుతున్నట్టు నటించి ఆగకూడదు. పలక మీద ఉండగా బంతి చేయి జారి పడకూడదు. బంతి చేతిలో లేకుండా పలక మీద నిలబడకూడదు. ఇవన్నీ బేస్‌ల మీద రన్నర్ ఉన్నప్పుడే బాక్ అవుతాయి. రన్నర్ లేకపోతే మోసపోయేవాడే లేడు, కాబట్టి బాక్ కూడా లేదు. ఈ ఒక్క మాట గుర్తుంటే నియమం ఎవరి కోసం పుట్టిందో తెలిసిపోతుంది.

అలాగని పిచర్ మడి కట్టుకుని కూర్చోవాలని ఎవరూ అనడం లేదు. బంతిని వంకర తిప్పవచ్చు. వేగంగా వస్తుందనిపించి నెమ్మదిగా వేయవచ్చు. తల తిప్పి రన్నర్‌ని గుడ్లురిమి చూడవచ్చు. అడుగు వేసి, రెండో బేస్‌కి విసిరినట్టు నటించనూవచ్చు. పలక వెనక్కి పద్ధతిగా దిగితే మామూలు ఫీల్డర్‌లా ఏ బేస్‌కైనా విసరవచ్చు. తెలివికి అడ్డు లేదు. అడ్డు ఉన్నది ఒక్కదానికే: "ఇదిగో వేస్తున్నా" అని శరీరంతో మాట ఇచ్చి, అవతలివాడు నమ్మి కదిలాక ఆ మాట తప్పడానికి.

ఇది మనకి తెలియని న్యాయం కాదు. ఖో-ఖోలో తరిమే ఆటగాడు భుజాలు తిప్పి ఒక దిక్కు పట్టాక స్తంభం చేరేవరకు అటే వెళ్లాలి, మధ్యలో వెనక్కి తిరిగితే ఫౌల్. అది కూడా శరీరం ఇచ్చిన మాటే. క్రికెట్‌లోనూ 2017 నుండి ఒక నియమం ఉంది. ఫీల్డర్ చేతిలో బంతి లేకుండానే విసురుతున్నట్టు నటించి బ్యాటర్‌ని మోసగిస్తే అవతలి జట్టుకి 5 పరుగులు ఇస్తారు. అయితే రన్నర్ విషయంలో రెండు ఆటలకీ తేడా ఉంది. క్రికెట్‌లో బౌలర్ బంతి వదలక ముందే గీత దాటిన నాన్ స్ట్రైకర్‌ని రనౌట్ చేయవచ్చు. 1947లో సిడ్నీలో వినూ మన్కడ్ బిల్ బ్రౌన్‌ని అలా అవుట్ చేసినప్పటి నుండి దాని మీద వాదనలు సాగుతూనే ఉన్నాయి. 2022లో దాన్ని 'అన్యాయమైన ఆట' అనే నియమంలోంచి తీసి మామూలు రనౌట్ నియమంలో చేర్చారు. అక్కడ ముందే కదిలిన రన్నర్‌ది తప్పు. బేస్‌బాల్‌లో ముందే కదలడం రన్నర్ హక్కు, ఆ హక్కుని మోసంతో లాక్కోవడం పిచర్ తప్పు. క్రికెట్ కళ్లతో బేస్‌బాల్ చూసే మనకి బాక్ వింతగా అనిపించడానికి ఇదే కారణం. అందుకే మన పిల్లలకి దీన్ని మరీ ముందుగా చెప్పాలి.

ఇక అభ్యంతరాల సంగతి చూద్దాం. పిచర్‌కి మోసం చేసే ఉద్దేశం లేకపోయినా బాక్ ఇస్తారు కదా, అది అన్యాయం కాదా అని అడుగుతారు. దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1961 జూలై 11న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్ జరిగింది. గాలికి పేరుపడ్డ మైదానం అది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్టూ మిల్లర్ అనే పిచర్ బంతి వేయబోతుండగా గట్టి గాలి వీచి అతను ఊగాడు. అంపైర్ బాక్ ఇచ్చాడు, రన్నర్లు ఒక్కో బేస్ ముందుకు జరిగారు. మిల్లర్ ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. కానీ రన్నర్‌కి కనిపించేది పిచర్ మనసు కాదు, శరీరమే. గాలి ఊపినా, కావాలని ఊగినా రన్నర్‌కి కలిగే తికమక ఒకటే. పైగా మిల్లర్ కుంగిపోలేదు. ఆ మ్యాచ్‌ని అతని జట్టు పదో ఇన్నింగ్స్‌లో 5-4తో గెలిచింది, గెలిచిన పిచర్‌గా అతని పేరే నమోదైంది. బాక్ ఒక శిక్ష మాత్రమే, పరువు నష్టం కాదు. ఈ సంగతి పిల్లలకి తప్పకుండా చెప్పాలి.

రెండో అభ్యంతరం బలమైనది. నియమాన్ని మరీ పట్టుకుంటే ఆట సాగదు అంటారు. నిజమే. అమెరికా మేజర్ లీగ్‌లలో 1988లో అదే జరిగింది. చేతులు కలిపాక స్పష్టంగా కనబడేలా ఆగాలని ఆ ఏడాది నియమం మాటలు మార్చి, అంపైర్లు కఠినంగా అమలు చేశారు. 1987లో 356 ఉన్న బాక్‌లు 1988లో 924కి చేరాయి. డేవ్ స్టూవర్ట్ అనే ఒక్క పిచర్ మీదే 16 నమోదయ్యాయి. ఆ మరుసటి ఏడాది పాత మాటలే మళ్లీ తెచ్చుకున్నారు. దీన్నిబట్టి తెలిసేది నియమం వద్దని కాదు. దాని ఉద్దేశం మరిచి మిల్లీమీటర్లు కొలవకూడదని. అంపైర్‌కి అనుమానం వస్తే పిచర్ ఉద్దేశాన్ని బట్టి తేల్చుకోవాలని నియమాల వివరణలోనే ఉంది.

నియమాన్ని బిగించడం అన్నిసార్లూ చెడ్డది కూడా కాదు. మూడో బేస్‌కి విసిరినట్టు నటించి వెంటనే మొదటి బేస్‌కి తిరిగే ఎత్తు ఒకప్పుడు చెల్లేది. 2013 నుండి దాన్ని బాక్‌గా చేశారు. 2023 నుండి ఒక బ్యాటర్ ఆడుతుండగా పిచర్ రెండుసార్లే పలక దిగడం గానీ బేస్‌కి విసరడం గానీ చేయవచ్చు. మూడోసారి రన్నర్‌ని అవుట్ చేయలేకపోతే అది బాక్. 2022లో 2,486 ఉన్న స్టీల్స్ 2023లో 3,503 అయ్యాయి. అదే ఏడాది బేస్‌లని 15 నుండి 18 అంగుళాలకి పెంచారు కాబట్టి ఘనతంతా ఈ నియమానిదే అనలేం. అయినా రన్నర్‌కి రక్షణ దొరికితే ఆటలో పరుగు పెరుగుతుందని మాత్రం తెలుస్తోంది.

మరి చిన్నపిల్లల సంగతి? దీనికి అమెరికా లిటిల్ లీగ్ మంచి దారి చూపింది. అక్కడ పన్నెండేళ్ల లోపు పిల్లల ప్రధాన విభాగంలో బంతి బ్యాటర్‌ని చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. వదలడమే లేదు కాబట్టి బాక్ కూడా లేదు. ఆ పై విభాగంలో ముందుకు వచ్చి నిలబడే హక్కు ఇచ్చారు, దానితోపాటే బాక్ నియమాన్నీ తెచ్చారు. రెండూ జంటగా వచ్చాయి. మన పాఠశాలల్లోనూ ఇదే పాటించాలి. రన్నర్‌ని బేస్ వదలనిస్తే బాక్ ఉండాలి. బాక్ వద్దనుకుంటే రన్నర్‌ని బేస్ మీదే నిలబెట్టాలి. రన్నర్‌ని బయటికి పిలిచి, బాక్‌ని మాత్రం "పెద్దయ్యాక" అని వాయిదా వేయడం సరైన పద్ధతి కాదు.

ఈ విషయం మనలాంటి వాళ్లకి మరీ ముఖ్యం. నాన్నకో అమ్మకో బదిలీ అయిన ప్రతిసారీ మనం కొత్త ఊరికి, కొత్త మైదానానికి వెళ్తాం. ఒక రైల్వే కాలనీలో గోడ దాటితే సిక్స్, ఇంకో కంటోన్మెంట్‌లో గోడ దాటితే అవుట్. ఒక చోట గోడకి తగిలి వచ్చిన బంతిని ఒంటి చేత్తో పట్టినా అవుట్, ఇంకో చోట కాదు. "ఇక్కడ ఇంతే" అనే మాట మనం విన్నన్నిసార్లు ఇంకెవరూ విని ఉండరు. ఆ ఊరి పిల్లలకి తెలిసి మనకి తెలియని నియమం వల్ల ఆట పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో మనకి తెలుసు. బాక్ అలాంటిది కాదు. అది పుస్తకంలో ఉంది. విశాఖలో నేర్చుకున్నది జోధ్‌పూర్‌లోనూ పనికొస్తుంది, భాష రాకపోయినా పనికొస్తుంది. కొత్త జట్టులో చేరిన మొదటి రోజు మన దగ్గర స్నేహితులు ఉండరు, ఇలాంటి తెలివిడే ఉంటుంది.

కాబట్టి మేము కోరేవి మూడు. ఒకటి, పిచర్లకే కాక జట్టు మొత్తానికి ఈ నియమం చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు రన్నర్ అవుతారు. రెండు, సాధన మ్యాచ్‌లలో మొదటి బాక్‌కి హెచ్చరించి వదిలేయాలి, కానీ ఏ కదలిక వల్ల అది బాక్ అయిందో అక్కడికక్కడే చేసి చూపించాలి. మూడు, అసలు మ్యాచ్‌లో మాత్రం ఇవ్వాల్సిన బాక్ ఇవ్వాలి, మన జట్టు మీదైనా సరే. మీ పాఠశాలలో బేస్‌బాల్ ఉంటే రేపు వ్యాయామం పీరియడ్‌లో మీ సార్‌ని గానీ మేడమ్‌ని గానీ ఈ నియమం గురించి అడగండి. ఒకరు పిచర్‌గా, ఒకరు రన్నర్‌గా నిలబడి, బంతి లేకుండానే పది నిమిషాలు సాధన చేయండి. ఆ తర్వాత స్థానాలు మార్చుకోండి. రన్నర్‌గా నిలబడి చూస్తే ఈ నియమం ఎందుకు ఉందో మీకే అర్థమవుతుంది.