నూటముప్పై బై ఎనభై

మొన్న ఆదివారం చీడికాడలో బస్సు దిగి, అవతల ఊళ్లో ఉన్న మా మేనత్తను చూడబోయాను. మంచం కింద రేకు డబ్బాలోంచి బీపీ పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. ఆరు నెలలు, ఆరు వరసలు. ఆరింటా 130/80. నేను పట్టుకెళ్లిన మిషను ఆవిడ చేతికి చుట్టి చూస్తే 168/94. కాసేపాగి మళ్లీ చూశాను, 164.

"ఏటిరా అలగ సూత్తన్నావు? పుస్తకంలో బాగానే రాసినారు కదా!" అంది అత్త.

ఆ ఊరి పేరు రాయను. రాస్తే మొదట మెమో పడేది ఊరి క్లినిక్కులో అంకె వేసిన పిల్లకి. సాయంత్రంలోగా ఫోనులో అన్ని గడులూ నింపాలి కాబట్టి నింపింది. నా కోపమల్లా ఆ పుస్తకం ఆరు నెలల్లో ఏ డాక్టరూ చదవనందుకు.

2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం ఆర్భాటంగా మొదలైంది. 10,032 విలేజ్ క్లినిక్కులు, నెలకు రెండుసార్లు 104 బండిలో ఊళ్లోకే డాక్టరు అన్నారు. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఎంతమందిని చూశారన్న లెక్కే పైకి పోయింది. చూశాక బీపీ తగ్గిందా అని అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

బీపీ చూసే పాత పాదరసం గొట్టం మీద రెండేసికి ఒక గీత ఉంటుంది. నూటముప్పైరెండు, నూటముప్పైనాలుగు కూడా చూపిస్తుంది. అయినా రాసే చెయ్యి సున్నా దగ్గరే ఆగుతుంది. ఇది మన పల్లెల్లోనే ఉన్న జబ్బు కాదు, ప్రపంచంలో డాక్టర్లందరికీ తెలిసిందే. ఇరవై పుస్తకాలు పక్కపక్కన పరిస్తే ఎవరికైనా ఇట్టే దొరికిపోతుంది. పరిచేవాళ్లే లేరు.

స్కాట్లాండులో కుటుంబ డాక్టర్లు తమ రోగుల లెక్క తామే తీసి, పేర్లు తీసేసి తోటి డాక్టర్లకు పంపేవారు. వాళ్లు మార్కులు వేసి, ఇక్కడ నీ కొలత సరిగా లేదు, మార్పు చేశాక మళ్లీ కొలవలేదు అని రాసి పంపేవారు. చీడికాడ మండలం పుస్తకాలు మాడుగుల డాక్టరు, అక్కడివి రావికమతం డాక్టరు చూస్తే ఖర్చేముంది? ఒక పూట, రెండు టీలు. చూసేది పై అధికారి మాత్రం కాకూడదు. పై అధికారి చూస్తాడంటే అందరి బీపీలూ 120/80కి దిగిపోతాయి.

నాణ్యతా ప్రమాణాల తనిఖీ ఉందిగా అంటారు. ఉంది. అందులో మందుచీటీల ఆడిట్ కూడా ఉంది. సర్టిఫికెట్ గోడకెక్కుతుంది. బాలింత పోతే సమీక్ష కూడా ఉంది, ఉండాల్సిందే. మరి మా అత్తకి పక్షవాతం వచ్చేదాకా ఆగాలా?

బోస్టన్‌లో కాడ్మన్ అనే సర్జన్ 1911 నుంచి 1916 దాకా తన సొంత ఆస్పత్రిలో 337 మందికి వైద్యం చేసి, అందులో 123 తప్పులు జరిగాయని తనే అచ్చేశాడు. తోటివాళ్లు ఆయన్ని వెలివేసినంత పని చేశారు. మన దగ్గర వెలివేత దాకా ఎందుకు, అలాంటి కాగితం డీఎంహెచ్‌వో ఆఫీసు గడప దాటదు.

అదే ఉపాధి హామీలో చూడండి. 2006 నుంచి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ జరుగుతోంది. 2009లో దానికో సంస్థే పెట్టారు. ఎన్ని బుట్టల మట్టి తీశారో ప్రజావేదికలో మైకులో చదువుతారు. కోనాం కాలువ మట్టికున్న పాటి విలువ మనిషి నెత్తురుపోటుకి లేదు.

ఇక మందుచీటీ సంగతి. ఈ మాట నేను ఇదివరకు పదిసార్లు రాశాను, పదకొండోసారీ రాస్తాను. 2016లోనే వైద్య మండలి చెప్పింది: మందు జనరిక్ పేరుతో, చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని. అత్త చీటీ మీద ఉన్నది అక్షరాలో, చీమ సిరాలో పడి పాకిన జాడో నాకు తెలియలేదు. చోడవరం పట్టుకెళ్లాను. మందుల షాపులో కుర్రాడు ఒక్క చూపుకే చదివేశాడు, ఆమ్లోడిపిన్ ఐదు అని. చుట్టుపక్కల డాక్టర్ల రాతని రోజూ పరిశీలిస్తున్నది వాడొక్కడే అనుకుంటా. చీటీ మీద తేదీ చూసి, నేను చెప్పిన బీపీ విని, వాడే అడిగాడు: "ఆరు నెలల్నుంచీ ఇదే డోసా సార్?"