గగన్ – చిన్న విమానాశ్రయములు

ఓర్వకల్లు విమానాశ్రయము 2021 మార్చి 25వ తేదీన ప్రారంభింపబడినది. 1847లో కోయిలకుంట్లయందు ఉరికంబ మెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరును దానికి పెట్టుట సముచితముగ నున్నది. కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగ పోవు రహదారి చెంతనే యున్నందున దానివలన ఈ సీమకు గలుగు మేలు కొంచెము కాదు. కాని మబ్బు క్రిందికి దిగిన దినమున వైమానికునకు నేల కనబడనిచో, ఎంత చక్కని రన్‌వే యున్నను విమానము వెనుకకు మరలవలసినదే.

పెద్ద నగరములయందు ఈ చిక్కును దీర్చుటకు ఐ.ఎల్.ఎస్. అను సాధనము కలదు. రన్‌వే మధ్యరేఖను, దిగవలసిన వాలును అది రేడియో తరంగములచే తెలుపును. అయితే దానిని ఒక్కొక్క రన్‌వే కొసకు ప్రత్యేకముగ నెలకొల్పి పోషింపవలెను. కొలది విమానములు మాత్రమే వచ్చు చోట్ల నిది బరువైన వ్యయము.

ఈ బరువును తగ్గించు నుపాయము మన దేశమున సిద్ధముగ నున్నది. విమానాశ్రయముల సంస్థయు, ఇస్రోయు కలసి 774 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించిన గగన్ అను నేర్పాటే అది. అమెరికావారి జి.పి.యస్. సంకేతములు వాయుమండలపు పైపొరలను దాటి వచ్చునప్పుడు కొంత దోషమును పొందును. ఆ దోషమును దేశమందలి 15 కేంద్రములు కనిపెట్టగా, బెంగుళూరులో లెక్కగట్టిన సవరణను జీశాట్ ఉపగ్రహములు విమానములకు అందజేయును. సంకేతము నమ్మదగనిదైనచో కొలది సెకండ్లలో హెచ్చరికయు వచ్చును. రన్‌వే చెంత ప్రత్యేక సాధన మక్కఱలేదు.

ఈ గగన్‌ను 2015 జూలై 13న ప్రారంభించినవారు నాటి విమానయానమంత్రి, విజయనగరవాసి, పూసపాటి అశోకగజపతిరాజుగారు. అయినను దీని సాయమున మన దేశమున ప్రయాణికుల విమానము మొదట దిగినది 2022 ఏప్రిల్ 28న, రాజస్థానమందలి కిషన్‌గఢ్ అను చిన్న విమానాశ్రయమున. ఈ పద్ధతిచే వైమానికుడు నేల కనబడకున్నను 250 అడుగుల యెత్తువరకు దిగిరావచ్చును. అంత మేలైన సాధనము ఆచరణకు వచ్చుటకు ఏడేండ్లు పట్టవలెనా?

మబ్బుల క్రూరత్వము ఈ సీమకు క్రొత్త కాదు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టరు కూలి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారును, మఱి నలుగురును మరణించిరి. అది దిగునప్పటి ప్రమాదము కాదు. గగన్ ఉన్నచో తప్పెడిదని మేము చెప్పము. మబ్బులో కంటిని నమ్మరాదను పాఠమును మాత్రము మఱువరాదు.

ఆకాశమందలి సాధన మొక్కటియే చాలదు. విమానమున తగిన గ్రాహకయంత్రము, వైమానికులకు శిక్షణము, ఆ రన్‌వేకు నిర్ణయించిన మార్గపటము – ఈ మూడును ఉండవలెను. ఓర్వకల్లు మొదలుగా చిన్న విమానాశ్రయములలో ఎన్నింట ఈ మూడును సమకూరినవో, మిగిలినవాని కెన్నడు సమకూర్తురో ప్రభుత్వమువారు ఏటేట ప్రజలకు లెక్క చెప్పవలెను. విమాన కంపెనీలు గ్రాహకయంత్రముల ఖర్చును చూపి వెనుదీయవచ్చును. కాని గగన్ ఖర్చును ప్రజ లిదివరకే భరించిరి.

కర్నూలు–కడప కాలువ క్రింది రైతునకు ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు. కాలువనిండ నీరు పారుచున్నను, తూము తెఱవనిచో మడి తడియదు. గగన్ నిండుగ పారుచున్నది. తూము తెఱచుటయే తరువాయి.