కాలువ లెక్క ఎవరు చెబుతారు?

మందుల కంపెనీ వార్షిక నివేదిక ఒకటి చేతిలోకి తీసుకోండి. ఆ ఏడాది నాటిన మొక్కలెన్నో అందులో ఉంటుంది. డాబా మీద బిగించిన సోలార్ పలకలు ఎన్ని యూనిట్ల కరెంటు ఇచ్చాయో ఉంటుంది. బడిపిల్లలు చేతుల్లో మొక్కలు పట్టుకుని నిలబడ్డ ఫొటో ఉంటుంది. పక్క ఊళ్లో పెట్టించిన మంచినీటి ప్లాంటు, దాని ముందు రిబ్బను కత్తిరిస్తున్న పెద్దలు ఉంటారు. ఇవన్నీ నిజంగా చేసిన పనులే. కాదనక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో కాగితం చూడండి. పెద్దాస్పత్రుల ఐసీయూల దగ్గర రోజూ కనిపించేదే. రోగి రక్తంలోనో మూత్రంలోనో దొరికిన సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో తేల్చి ఇచ్చే కల్చర్ రిపోర్టు. పైన బ్యాక్టీరియా పేరు. కింద వరసగా యాంటీబయాటిక్‌ల పేర్లు, ప్రతి పేరుకూ ఎదురుగా ఒక్క అక్షరం. ఎస్ అంటే ఆ మందు పనిచేస్తుంది. ఆర్ అంటే పనిచేయదు. డాక్టరు వేలు పైనుంచి కిందికి జారుతూ పోతుంది. ఆర్, ఆర్, ఆర్, ఆర్. అడుగున ఎక్కడో ఒక ఎస్ దొరికితే ఊపిరి పీల్చుకుంటారు. ఆ మందు చాలాసార్లు ఖరీదైనదో, కిడ్నీలకు చేటు చేసేదో అయి ఉంటుంది. అదీ దొరకని రోజున బయట కూర్చున్న బంధువులకు చెప్పడానికి డాక్టరు దగ్గర ఏమీ మిగలదు.

ఈ రెండు కాగితాల మధ్య ఒక కాలువ పారుతోంది. మొదటి కాగితంలో దాని ఊసు లేదు.

హైదరాబాద్‌కు వాయవ్యాన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం. 1970ల నడుమ నుంచి ఇక్కడ ఫ్యాక్టరీలు లేచాయి. దేశంలో తయారయ్యే బల్క్ డ్రగ్స్ (మందుల ముడిసరుకు)లో పెద్ద వాటా హైదరాబాద్ చుట్టుపక్కలదే. ఇక్కడి మందులు ప్రపంచమంతటా పేదవాడికి అందే ధరలో దొరికాయి. వేల కుటుంబాలు ఈ కొలువుల మీదే బతుకుతున్నాయి. ఆ మేలును తక్కువ చేసి చూపడం మా ఉద్దేశం కాదు. కానీ మందుతో పాటే పుట్టిన మురుగు ఇసుకవాగులోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి పోయింది. చెరువుల్లోకి దిగింది. బావుల్లోకి ఊరింది. 1990లోనే ఈ గోడు సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు లాంటివారు దశాబ్దాల పాటు పోరాడారు. ఊళ్లకు తాగునీరు ఇవ్వాలని, పంట పోయిన రైతులకు పరిహారం చెల్లించాలని కోర్టులు ఆదేశించాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితా ప్రకటిస్తే పటాన్‌చెరు–బొల్లారం అందులో ఉంది. విశాఖపట్నమూ ఉంది.

అప్పటిదాకా అందరూ మాట్లాడింది రంగు మారిన నీళ్ల గురించి, వాసన గురించి, చచ్చిన చేపల గురించి. కంటికి, ముక్కుకు తెలిసే ప్రమాదం అది. కంటికి ఆనని ప్రమాదం 2007లో బయటపడింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జోకిమ్ లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించారు. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు అక్కడికి చేరేది. వాళ్లు పరీక్షించింది శుద్ధి కాని మురుగును కాదు, శుద్ధి చేసి వదిలిన నీటిని. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ బిళ్ల మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. రోజుకు సుమారు 45 కిలోల మందు పోతోందని వారి అంచనా. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం అయిదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అది. 500 మిల్లీగ్రాముల బిళ్లల లెక్కన చూస్తే, రోజూ 90 వేల బిళ్లలు నీళ్లలో కలిపినట్టు.

2009లో అచ్చయిన మరో అధ్యయనం దగ్గర్లోని చెరువులను, ఆరు ఊళ్ల బావులను పరీక్షించింది. ఒక చెరువులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాములు తేలింది. బావుల్లోనూ మందులు దొరికాయి. సిప్రోఫ్లాక్సాసిన్‌తో పాటు అలర్జీకి వాడే సెటిరిజిన్ కూడా. జబ్బు లేనివాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు, గొడ్లు చేదుకుని తాగే ఊరి బావుల్లో. 2011లో అచ్చయిన ఇంకో అధ్యయనం వాగు అడుగు మడ్డిని పరీక్షిస్తే, యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు పెద్ద ఎత్తున కనిపించాయి.

దీని గుట్టు తెలిస్తేనే ప్రమాదం ఎంతటిదో అర్థమవుతుంది. మురుగును శుద్ధి చేసేది యంత్రం కాదు, బ్యాక్టీరియా. గాలి కొట్టే పెద్ద తొట్లలో కోట్లాది బ్యాక్టీరియా మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తిని నీటిని తేటపరుస్తుంది. రసాయనాల మురుగులో అది సరిగా బతకదు కాబట్టి ఇళ్ల నుంచి వచ్చే మురుగును కూడా కలుపుతారు. ఇళ్ల మురుగులో మనుషుల పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియా ఉంటుంది. ఆ తొట్టిలోకే యాంటీబయాటిక్ వచ్చి పడుతుంది. మందుకు తాళలేనివి చచ్చిపోతాయి. తాళగలిగినవి మిగిలి పెరుగుతాయి. అవి తమ తట్టుకునే గుణాన్ని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకూ అందించగలవు. చచ్చిన పంట నుంచి విత్తనం రాదు, బతికిన పంట నుంచే వస్తుంది. రైతు మంచి విత్తనాన్ని ఏరి దాచుకున్నట్టు, మందుకు లొంగని సూక్ష్మజీవులను ఏరి పెంచే మడిగా శుద్ధి కేంద్రమే మారుతుంది. అక్కడ నుంచి వాగుకు, వాగు నుంచి పొలానికి, గొడ్డుకు, చేపకు, మనిషికి.

మందుకు లొంగని జబ్బులన్నిటికీ ఫ్యాక్టరీలే కారణమని మేము అనడం లేదు. చీటీ లేకుండా మందుల షాపులో అమ్మే యాంటీబయాటిక్, జలుబుకు కూడా రాసే డాక్టరు, కోళ్ల ఫారంలో మేతలో కలిపే మందు, అందరి పాపమూ ఇందులో ఉంది. 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 12.7 లక్షల మంది ప్రపంచంలో చనిపోయారని లాన్సెట్ పత్రిక 2022లో అంచనా ప్రచురించింది. అందులో నక్కవాగు వాటా ఎంతో విడదీసి చెప్పలేం. కానీ రోగి ఒంట్లో పదిరోజులుండే మందు, ఫ్యాక్టరీ కాలువలో ఏడాది పొడవునా ఉంటుంది. మిగిలిన కారణాలను అదుపు చేయాలంటే కోట్లమంది అలవాట్లు మారాలి. ఫ్యాక్టరీ గొట్టం అలా కాదు. అదెక్కడుందో తెలుసు, ఎవరిదో తెలుసు. ఆపగలిగిన చోట ఆపకపోవడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

2007 తర్వాత ఏమీ మారలేదని కూడా మేము అనం. శుద్ధి కేంద్రం నీళ్లను వాగులో వదలకుండా 18 కిలోమీటర్ల పైపులైనుతో నగరపు మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. నక్కవాగుకు కొంత ఊరట దొరికింది. ఆ నీళ్లు చివరికి చేరింది మూసీలోకి. మంజీర బరువును మూసీ మీదికి మార్చడాన్ని శుద్ధి అనగలమా? చాలా కంపెనీలు చుక్క నీరు బయటికి పోని పద్ధతి పెట్టుకున్నామని చెబుతున్నాయి. మురుగును మరిగించి, నీటిని తిరిగి వాడుకుని, మిగిలిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాల డంపుకు పంపే పద్ధతి అది. బాగా నడిస్తే గొప్ప మేలు. కానీ నడపడానికి బాగా ఖర్చవుతుంది. ఆవిరి కావాలి, బొగ్గు కావాలి. అందుకే చీకటి పడ్డాక, వాన జోరందుకున్నాక వరద కాలువలోకి వదిలేస్తారన్న ఆరోపణ ఈ ఊళ్లలో ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. 2017 అక్టోబరులో ఇక్కడి గండిగూడెం చెరువులో చేపలు కుప్పలు తెప్పలుగా చచ్చి తేలాయి. చుక్క నీరు బయటికి రాని చోట చెరువు నిండా చచ్చిన చేపలెందుకు తేలతాయో జవాబు చెప్పాల్సిన బాధ్యత పరిశ్రమదే.

ఇంత తెలిశాక కూడా చట్టం ఏం కొలుస్తోంది? నీటి ఆమ్లత్వం, కరిగిన లవణాలు, ఆక్సిజన్‌ను పీల్చే పదార్థాలు, తేలే మడ్డి. ఈ కొలతలన్నీ సరిగ్గా ఉన్న నీటిలోనూ యాంటీబయాటిక్ ఉండొచ్చు. దాన్ని కొలవాలని నిబంధన లేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. వందకు పైగా యాంటీబయాటిక్‌లకు, ఒక్కోదానికి ఎంత మించకూడదో అందులో పరిమితులు రాసింది. ప్రపంచంలో ఏ దేశమూ అంతవరకు చేయని సాహసం అది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితుల పట్టిక మాయమైంది. ఒక్క పట్టిక తీసేస్తే కల్చర్ రిపోర్టుల్లో ఎన్ని ఆర్‌లు చేరతాయో ఆ కలం పట్టుకున్నవారు ఆలోచించి ఉండాల్సింది.

కంపెనీల పచ్చదనం లెక్కలు ఇక్కడే చిక్కుపడుతున్నాయి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలంది. మార్కెట్లో నమోదైన మొదటి 1000 కంపెనీలు 2022–23 నుంచి పర్యావరణ, సామాజిక వివరాలతో నివేదిక ఇచ్చి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ శాసించింది. రెండూ మంచివే. కానీ 2 శాతం ఎక్కడ ఖర్చు పెట్టారన్నది ఒక లెక్క, మిగిలిన 98 శాతం ఎలా సంపాదించారన్నది వేరే లెక్క. బల్క్ డ్రగ్ యూనిట్లలో చాలావి మార్కెట్లో నమోదే కాలేదు, సెబీ వాటి జోలికి పోదు. నమోదైన కంపెనీ కూడా తన నివేదికలో నీటి వాడకం రాస్తుంది, కరెంటు రాస్తుంది, కర్బనం రాస్తుంది. కాలువలో సిప్రోఫ్లాక్సాసిన్ ఎంతో రాయాల్సిన గడి ఆ పత్రంలో లేదు. అడగని లెక్కను ఎవరూ చెప్పరు. బావి చెడిన ఊరికి ఫిల్టరు నీళ్ల ప్లాంటు పెట్టిస్తే అది సేవ కింద నమోదవుతుంది. బావి ఎందుకు చెడిందన్నది ఎక్కడా నమోదు కాదు. ఆ ఊరి ఆడవాళ్లు క్యాన్లు పట్టుకుని ప్లాంటు దగ్గర వరసలో నిలబడతారు, వెనక ముళ్లకంప వేసి మూసేసిన బావి ఉంటుంది.

పరిమితులు పెడితే ఖర్చు పెరిగి చైనాతో పోటీ పడలేమని పరిశ్రమ అంటుంది. ఈ వాదనను తోసిపారేయలేం. పైసల తేడాతో ఆర్డర్లు చేతులు మారే వ్యాపారం ఇది. కానీ నార్వే ఆస్పత్రుల మందుల టెండర్లలో ధరతో పాటు పర్యావరణానికీ మార్కులు వేస్తున్నారు. మందుల కంపెనీలే ఏర్పరచుకున్న అంతర్జాతీయ కూటమి 2022లో యాంటీబయాటిక్ తయారీకి ఒక ప్రమాణం రాసుకుంది. వాగు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 0.06 మైక్రోగ్రాములు మించకూడదన్నది అందులోని లెక్క. 2007 అధ్యయనంలో పటాన్‌చెరు గొట్టం దగ్గర దొరికింది దానికి సుమారు 5 లక్షల రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే కొలవడం సాధ్యమే, అదుపు చేయడమూ సాధ్యమే. నార్వే కొనుగోలుదారు అడిగితే కొలిచే నీళ్లను గడ్డపోతారం రైతు అడిగితే ఎందుకు కొలవరు?

2020 నాటి పట్టికను కేంద్రం తిరిగి తేవాలి. చిన్న యూనిట్లకు గడువు ఇవ్వండి, అప్పులివ్వండి, ఉమ్మడిగా శుద్ధి చేసుకునే సాయం చేయండి, కానీ తేదీ పెట్టండి. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని రాష్ట్రాలకు లేదు. యాంటీబయాటిక్ తయారు చేసే ప్రతి యూనిట్ గొట్టం దగ్గర, వరద కాలువ దగ్గర నమూనాలు తీసి, ఫలితాలను తెలుగులో పంచాయతీ గోడకు అంటించమని కాలుష్య నియంత్రణ మండళ్లను ఆదేశించవచ్చు. నమూనా తీసేది వానాకాలం రాత్రుల్లోనూ కావాలి, ముందుగా ఫోన్ చేసి వెళ్లిన మధ్యాహ్నాల్లోనే కాదు.

తొందరపడాల్సిన కారణం ఒకటుంది. పటాన్‌చెరు కథ పటాన్‌చెరుతో ఆగడం లేదు. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. తమ సముద్రం ఏమవుతుందోనని రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. వాళ్లను అభివృద్ధికి అడ్డుపడేవాళ్లుగా చూడడం తేలిక. వాళ్లు అడుగుతున్నది పటాన్‌చెరు ఆలస్యంగా అడిగిన ప్రశ్న.

అక్కడ మొదటి ఫ్యాక్టరీ గొట్టం తెరుచుకోకముందే బావుల నీళ్లు, ఉప్పుటేరు నీళ్లు, వలలో పడిన చేప, తీరంలోని మడ్డి, అన్నిటి నమూనాలూ తీసి, బయటివారితో పరీక్ష చేయించి, ఆ కాగితాలను ఊరివాళ్ల చేతికివ్వాలి. పటాన్‌చెరు రైతు దగ్గర అలాంటి కాగితం లేదు. ఆ బావి నీళ్లు ఒకప్పుడు తాగేవాళ్లమని చెప్పడానికి ఆయనకున్నది జ్ఞాపకం ఒక్కటే.